వీసా అడగని బెళ్ళగువ్వ

విదేశీ వలసల గురించి పార్లమెంటులోనూ పెళ్ళిచూపుల్లోనూ ఇంత చర్చ జరుగుతున్నా, బెళ్ళగువ్వ సంగతి ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యం. లేత బూడిదరంగు ఒళ్ళు, మెడ వెనక నల్లటి నెలవంక గీత. మన మెట్ట పొలాల్లో తుమ్మచెట్టు మీదో కరెంటు తీగ మీదో కూర్చుని, కళ్ళం దగ్గర రాలిన గింజలు ఏరుకుని బతికే జీవి. డిగ్రీ లేదు, బ్యాంకులో నిల్వ లేదు, చిలుకూరు గుడి చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేసిన దాఖలా లేదు.

అయినా దీని టర్కీ, బాల్కన్ వైపు బంధువులు గత శతాబ్దంలో యూరప్ అంతా కమ్మేశాయి. 1955లో ఇంగ్లండులోని నార్ఫోక్‌లో గూడు కట్టి పిల్లల్ని లేపాయి. అమెరికా వ్యవహారం ఇంకా ఘోరం. 1970ల నడుమ బహామాస్‌లో ఒక పెంపుడు పక్షుల దుకాణంలో దొంగలు పడ్డారు. ఆ సందట్లో కొన్ని గువ్వలు ఎగిరిపోయాయి. యజమాని మిగతావాటినీ వదిలేశాడు. అక్కడి నుంచి సముద్రం దాటి ఫ్లోరిడా, ఆపైన దాదాపు దేశమంతా. మన పిల్లలు కన్సల్టెన్సీలకు లక్షలు ధారపోస్తుంటే, వీటికి దొంగే కన్సల్టెన్సీ. పైసా ఫీజు లేదు.

పోనీ, వెళ్ళినవి నిపుణులా? గూడు చూస్తే ఏ బ్యాంకూ అప్పివ్వదు. మగది ఒక్కొక్క పుల్లా తెచ్చి అందిస్తుంది, ఆడది ఒంటి కింద సర్దుకుంటుంది. అంతటితో గృహప్రవేశం. చెట్టు కింద నిలబడి తలెత్తితే పుల్లల సందుల్లోంచి రెండు తెల్లటి గుడ్లూ కనిపిస్తాయి. వాస్తు మాట దేవుడెరుగు, ముందు నేలంటూ ఉండాలి కదా! ఇంత నాసి నిర్మాణంలోనే ఏడాదికి మూడు నాలుగు కాన్పులు.

ఆ కాన్పులకు హైదరాబాదు నుంచి అత్తగారిని విమానం ఎక్కించే పనీ లేదు. మెడ కింది సంచిలో పాలు తల్లికీ ఊరతాయి, తండ్రికీ ఊరతాయి. పిల్లలకు ఆ పాలు ఇద్దరూ పడతారు. తండ్రి పాలివ్వడం మన సంప్రదాయానికి విరుద్ధమని నా నిశ్చితాభిప్రాయం. మా ఆవిడ అభిప్రాయం నేను అడగలేదు.

అన్నిటికన్నా అభ్యంతరకరమైనది రెండో తరం తీరు. టెక్సాస్‌లో పుట్టి పెరిగిన పిల్లలు సైతం తాతముత్తాతల మూడు ముక్కల కూతే కూస్తున్నాయి. ఆదివారం మాతృభాష తరగతులకు కారులో దింపేవాళ్ళు లేరు, వేదిక మీద పద్యం అప్పజెప్పించేవాళ్ళూ లేరు. మన ప్రవాస సంఘాలు దీనిపై వెంటనే ఖండన తీర్మానం చేయాలి.