పిల్లలకు లాటరీ అమ్ముతున్న రంగుల ప్యాకెట్లు

2024 క్రిస్మస్ రోజు లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో ఓ పదకొండేళ్ల బాబు బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్ విప్పాడు. లోపల పిట్స్‌బర్గ్ పైరేట్స్ క్లబ్ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) పాల్ స్కీన్స్ సంతకం చేసిన కార్డు ఉంది. స్కీన్స్ తన మొట్టమొదటి మేజర్ లీగ్ మ్యాచ్‌లో వేసుకున్న జెర్సీ మీది బ్యాడ్జీని తీసి అందులో పొదిగారు. అలాంటి కార్డు ప్రపంచంలో అదొక్కటే. దాన్ని తమకు ఇచ్చేస్తే 30 ఏళ్లపాటు సీజన్ టికెట్లు ఇస్తామని క్లబ్ బేరం పెట్టింది. ఆ కుటుంబం ఒప్పుకోలేదు. 2025 మార్చిలో వేలానికి పెడితే 11 లక్షల డాలర్లు దాటింది. మన లెక్కలో తొమ్మిది కోట్ల పైమాటే.

ఈ కథ విని మురిసిపోనివాళ్లు లేరు. నాకు మాత్రం కోపం వచ్చింది. ఆ బాబు మీద కాదు, వాడికి దక్కింది వాడు హాయిగా అనుభవించనీ. ఆ ఒక్క కార్డు తమకే వస్తుందన్న ఆశతో ఇంకెంతమంది పిల్లలు ఎన్ని ప్యాకెట్లు చించారో, వాళ్ల అమ్మానాన్నల జేబులోంచి ఎంత పోయిందో ఎవరూ అడగలేదు. లాటరీ తగిలినవాడి ఫొటో వేసి, తగలనివాళ్ల ఊసెత్తకపోవడం పత్రికలకు పాత అలవాటే. కానీ ఇక్కడ టికెట్ కొంటున్నది బడికెళ్లే పిల్లలు.

లాటరీ అన్న మాట ఊరికే వాడలేదు. అమెరికా చట్టం ప్రకారం ఏదైనా లాటరీ కావాలంటే మూడు ఉండాలి: డబ్బు కట్టడం, ఫలితం అదృష్టం మీద ఆధారపడటం, గెలిస్తే బహుమతి. కార్డుల ప్యాకెట్‌లో ఈ మూడూ ఉన్నాయి. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. చిన్న చిన్న అక్షరాల్లో, ఏ రకం కార్డు ఎన్ని ప్యాకెట్లకు ఒకటి వస్తుందో అంకెలు వరసగా ఉంటాయి. అరుదైన కార్డుల దగ్గరికి వచ్చేసరికి ఆ అంకె వేలల్లోకి పోతుంది. పక్కనే ఇంకో వాక్యం కనిపిస్తుంది: కొనకపోయినా ఫర్వాలేదు, పోస్టులో రాసి పంపితే ఉచితంగా అవకాశం ఇస్తాం అని. ఎంతమంది పిల్లలు పోస్టు కవరు మీద స్టాంపు అంటిస్తారు? ఆ వాక్యం పిల్లల కోసం రాసింది కాదు. మూడింటిలో మొదటిదైన 'డబ్బు కట్టడం' అనే అంశాన్ని కాగితం మీద లేకుండా చేయడానికి లాయర్లు రాసింది.

కార్డులు మొదటినుంచీ ఇలా లేవు. వందేళ్ల కిందట సిగరెట్ పెట్టెల్లో, తర్వాత చూయింగ్ గమ్‌తో వచ్చేవి. ఏ కార్డు వస్తుందో అప్పుడూ తెలిసేది కాదు, కానీ అన్నిటి ఖరీదూ ఒకటే, రెండోసారి వచ్చినదాన్ని పక్కింటివాడికిచ్చి మార్చుకునేవారు. 1990లో అప్పర్ డెక్ కంపెనీ ఆ పద్ధతి మార్చేసింది. బేస్‌బాల్ దిగ్గజం రెగ్గీ జాక్సన్ చేత 2,500 కార్డుల మీద సంతకం చేయించి మామూలు ప్యాకెట్లలో అక్కడక్కడా కలిపింది. ఆటోగ్రాఫ్ అంటే అప్పటిదాకా స్టేడియం గేటు దగ్గర కాపుకాసి, పెన్నూ పుస్తకం చేత పట్టుకుని, ఆటగాడి కళ్లలోకి చూసి అడిగి తీసుకునేది. ఆ తర్వాత అది ప్యాకెట్లో దాచిన ఎర అయింది. ఇప్పుడు చాలా కార్డుల్ని ఆటగాడు చేత్తో తాకనైనా తాకడు. స్టిక్కర్ల షీట్ల మీద వరసపెట్టి సంతకాలు చేసి పంపేస్తాడు, ఫ్యాక్టరీలో కార్డు మీద అంటిస్తారు. అలా అంటించిన స్టిక్కర్ కోసం పిల్లలు ప్యాకెట్ తర్వాత ప్యాకెట్ చించుతున్నారు.

ఇది జూదమేనని అమెరికాలో కొందరు కోర్టుకెక్కారు కూడా. 2002లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ కేసుల్ని కొట్టేసింది. డబ్బుకు సరిపడా ప్యాకెట్ దొరికింది కదా, కోరుకున్న కార్డు రాలేదన్న నిరాశ ఆస్తి నష్టం కిందికి రాదు అన్నది ఆ తీర్పు సారాంశం. ఈ తర్కం నాకు మింగుడుపడదు. లాటరీ టికెట్ కొన్నవాడికి కూడా అచ్చేసిన కాగితం చేతికొస్తుంది. అంతమాత్రాన అది జూదం కాకుండా పోతుందా?

అప్పటికి ఇంకా ఇంటర్నెట్‌లో 'బ్రేక్' అనే వ్యాపారం లేదు. ఇప్పుడుంది. సీల్ తీయని కార్డుల పెట్టెను ఒకాయన కెమెరా ముందు పెడతాడు. చూసేవాళ్లు తలా ఒక టీమ్‌ను డబ్బిచ్చి కొనుక్కుంటారు. ఆయన అరుస్తూ ప్యాకెట్లు విప్పుతాడు. మీ టీమ్ కార్డులు వస్తే మీవి, లేకపోతే చేతికి ఏమీ రాదు, వెంటనే ఇంకో పెట్టె. ఇందులో పైన చెప్పిన కోర్టు తర్కం కూడా నిలబడదు. ఎందుకంటే డబ్బు కట్టినవాడికి ఒక్కోసారి అట్టముక్క కూడా రాదు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇక్కడే ఉంది. ఆ స్కీన్స్ కార్డు అచ్చేసిన టాప్స్ కంపెనీని 2022లో క్రీడా వస్తువులమ్మే ఫనాటిక్స్ సంస్థ కొనేసింది. మరుసటి ఏడాది ఇలాంటి బ్రేకులు చూపించడానికి ఫనాటిక్స్ లైవ్ మొదలుపెట్టింది. స్కీన్స్ కార్డు వేలం జరిగిన ఫనాటిక్స్ కలెక్ట్ కూడా ఆ సంస్థదే. అంటే కార్డు అచ్చేసేదీ, దాన్ని ప్యాకెట్లో దాచేదీ, ఆ ప్యాకెట్లను కెమెరా ముందు విప్పించే వేదికా, చివరికి వేలం వేసేదీ ఒకే ఇల్లు. అదే ఇంటికి స్పోర్ట్స్ బెట్టింగ్ వ్యాపారం కూడా ఉంది, పాయింట్స్‌బెట్ అనే పందేల కంపెనీ అమెరికా విభాగాన్ని కొని మరీ పెంచుకున్నారు. ఎనిమిదేళ్ల వయసులో ప్యాకెట్ చించడం నేర్చిన పిల్లవాడు పద్దెనిమిది దాటాక, ఇరవయ్యొకటి దాటాక ఏ యాప్ తెరుస్తాడో ఆ సంస్థకు తెలియదా?

దీనికి కలెక్టర్లు చెప్పే సమాధానం ఒకటుంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. బయట దొరికే సంతకాల్లో నకిలీలే ఎక్కువ. ఎఫ్‌బీఐ 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో పట్టుకున్న నకిలీ సంతకాల ముఠా దగ్గర మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ కూడా దొరికింది! కంపెనీ ప్యాకెట్‌లో వచ్చిన సంతకానికైతే గ్యారంటీ ఉంటుంది అంటారు. నిజమే. కానీ గ్యారంటీ ఇవ్వడానికి దాచిపెట్టాల్సిన అవసరం ఏముంది? అదే కార్డును ధర రాసి కౌంటర్ మీద పెట్టి అమ్మవచ్చు కదా. అమ్మరు. అలా అమ్మితే ఆ ఒక్క కార్డుకే డబ్బొస్తుంది, దాని కోసం కొనే మిగతా వేల ప్యాకెట్లకు రాదు.

సంతకాన్ని అమ్మడం తప్పని నేననడం లేదు. గాంధీజీ తన సంతకానికి ఐదు రూపాయలు పుచ్చుకునేవారు, ఆ డబ్బు హరిజన నిధికి పోయేది. డబ్బిచ్చేవాళ్లకు ధర తెలుసు, డబ్బు ఎక్కడికి పోతుందో తెలుసు, సంతకం తప్పకుండా వస్తుందనీ తెలుసు. అది బాహాటంగా జరిగిన లావాదేవీ. మా చిన్నప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులూ అంతే. డబ్బా కొంటే మొత్తం సెట్ వచ్చేది. అండర్‌టేకర్ కార్డు ఎవరి చేతిలో పడుతుందన్నది పంచినప్పటి సంగతి, కొన్నప్పటిది కాదు. ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్ అంటూ ఆడుకున్న ఆ సాయంత్రాల్లో అదృష్టం ఉంది, కానీ దాన్ని ఎవడూ మాకు అమ్మలేదు.

మనకెందుకీ గొడవ అనుకోవద్దు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న మన పిల్లలు బాస్కెట్‌బాల్, పోకెమాన్ కార్డుల బైండర్లు పట్టుకుని సెలవులకు వస్తున్నారు, ఇక్కడి కజిన్స్ అవే కావాలని మారాం చేస్తున్నారు. హైదరాబాద్‌లో బడి పక్క కొట్లలో నకిలీ పోకెమాన్ ప్యాకెట్లు తాళ్లకు వేలాడుతున్నాయి. ఆన్‌లైన్ రమ్మీ కుటుంబాల్ని ముంచుతోందని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు మార్చి మరీ నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. పెద్దవాళ్ల పేకాట మీద ఇంత పట్టుదల చూపిన ప్రభుత్వాలు, పిల్లలకు అదృష్టం అమ్మే ప్యాకెట్ వైపు కన్నెత్తి చూడలేదు.

కార్డులు దీనికి ఒక ముఖం మాత్రమే. ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో ఆటగాళ్ల ప్యాక్‌లు, ఫోన్లో షూటింగ్ గేమ్‌లో 'క్రేట్'లు, లబూబూ బొమ్మల మూసిన డబ్బాలు అన్నీ ఒకే సూత్రం మీద నడుస్తున్నాయి. లోపల ఏముందో చెప్పకుండా అమ్మితే పిల్లవాడు ఒకటితో ఆగడు. ఇది కనిపెట్టిన రోజునుంచీ బొమ్మ చేసేవాడికి మంచి బొమ్మ చేయాల్సిన పని తగ్గిపోయింది, ఉత్కంఠ పుట్టిస్తే చాలు. బెల్జియం 2018లోనే గేముల్లోని ఇలాంటి పెట్టెల్ని జూదమని తేల్చింది. దాంతో ఫీఫా గేమ్ కంపెనీ అక్కడ ప్యాక్‌లకు వాడే పాయింట్ల అమ్మకం ఆపేయాల్సి వచ్చింది. చైనా 2023లో ఎనిమిదేళ్లలోపు పిల్లలకు బ్లైండ్ బాక్సులు, అంటే లోపలేముందో చెప్పని మూసిన డబ్బాలు, అమ్మకూడదని నిబంధన పెట్టింది. బ్లైండ్ బాక్సుల వ్యాపారానికి పెద్ద మార్కెట్ అయిన దేశమే ఆ పని చేసినప్పుడు మనకేం అడ్డు?

మన దగ్గర కొత్త చట్టం కూడా అక్కర్లేదు. అమ్మకాలు పెంచుకోవడానికి లాటరీ, అదృష్టం మీద ఆధారపడే పోటీలు పెట్టడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. మూసిన ప్యాకెట్లు దాని కిందికి వస్తాయని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఒక మార్గదర్శకం ఇస్తే చాలు. ఏ కార్డు ఎన్నిటికొకటో ప్యాకెట్ ముందు భాగంలో, పెద్ద అంకెల్లో వేయించాలి. సంతకం ఉన్న కార్డులు కలిపిన ప్యాకెట్లు పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు అమ్మకూడదు. లైవ్ బ్రేకుల్ని రమ్మీతో పాటే డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటగా లెక్కగట్టాలి. ఇందులో మొదటి ఫిర్యాదు వేయాల్సింది తల్లిదండ్రుల సంఘాలే, అది కూడా ఈ వ్యాపారం మన ఊళ్లలో ఇంకా చిన్నగా ఉన్న ఇప్పుడే.