ఫ్యాను తిరగాలంటే ఓటీపీ రావాలి

మా కంప్యూటర్ డబ్బాలో ఉన్న ఫ్యాను నిన్న రాత్రి నన్ను లాగిన్ అవ్వమంది. దాని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిందట. పాత లాగిన్ చెల్లదట. మెయిల్‌కు వచ్చిన కోడ్ కొడితే తప్ప నేను పెట్టుకున్న స్పీడు సెట్టింగులు నాకే చూపించదట. ఫ్యానండీ! నాలుగు రెక్కలు, ఒక మోటారు, చుట్టూ ప్లాస్టిక్ చట్రం. బ్యాంకు లాకరు కాదు, పాస్‌పోర్టు ఆఫీసు అంతకన్నా కాదు. అయినా యజమాని ఎవరో రుజువయ్యాకే గాలి విసరాలన్న కంపెనీ వారి ముందుచూపును మెచ్చుకుని తీరాలి. రేపు ఏ దొంగో ఇంట్లో దూరి, బీరువా జోలికి పోకుండా, మన ఫ్యాను స్పీడు నిమిషానికి 900 చుట్ల నుంచి 1200కు పెంచేసి గోడ దూకి పారిపోతే మన గతేం కాను?

ఇంత భద్రత లేని అనాగరిక కాలం ఒకటి ఉండేది. నాలుగు వైర్ల ఫ్యాను ఆ కాలంనాటిదే. ఒక వైరు గ్రౌండు, ఒకటి 12 వోల్టులు, మూడోది ఎంత స్పీడులో తిరుగుతోందో కంప్యూటర్ లోపలి మదర్‌బోర్డుకు చెప్పేది, నాలుగోది ఎంత స్పీడులో తిరగాలో బోర్డు దగ్గర చెప్పించుకునేది. 2005 నాటి ఇంటెల్ కొలతల ప్రకారం ఆ నాలుగో వైరు మీద సిగ్నల్ సెకనుకు 25 వేల సార్లు కొట్టుకోవాలి. మనిషి చెవికి 20 వేలు దాటితే వినపడదు కాబట్టి ఆ అంకె పెట్టుకున్నారు. ఇంకో మాట కూడా అందులోనే ఉంది: ఆ వైరు మీద ఎవరూ ఏమీ చెప్పకపోతే ఫ్యాను ఫుల్ స్పీడులో తిరగాలి. అంటే అది రాసినవాళ్లకు ఫ్యాను ఎందుకు పెడతారో తెలుసన్నమాట. ఏ కంపెనీ ఫ్యానైనా ఏ కంపెనీ మదర్‌బోర్డుకైనా గుచ్చితే తిరిగేది. ఇక కంపెనీకి మిగిలేదేముంది? ఒకసారి కొన్నవాడు మళ్లీ కొట్టు మెట్లెక్కడు.

ఈ ఘోరాన్ని సరిదిద్దడానికి పుట్టిందే హబ్బు, ఫ్యాన్ల వైర్లన్నీ వచ్చి కలిసే చిన్న డబ్బా. ఫ్యాను వైరు మదర్‌బోర్డుకు కాదు, హబ్బుకు గుచ్చాలి. హబ్బు యూఎస్‌బీకి, యూఎస్‌బీ సాఫ్ట్‌వేర్‌కు, సాఫ్ట్‌వేర్ సర్వరుకు. ఆ హబ్బుకున్న పిన్నులు లోకంలో ఇంకెవరికీ ఉండవు. పక్క కంపెనీ ఫ్యాను సంగతి సరే, అదే కంపెనీ మొన్నటి సిరీస్ ఫ్యాను కూడా ఇవాళ్టి హబ్బులో దూరదు. లైట్ల సంగతి వేరే చెప్పాలా? 5 వోల్టులకు మూడు పిన్నులు, 12 వోల్టులకు నాలుగు పిన్నులు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, తికమకపడి ఒకదాంట్లో ఇంకోటి బలవంతంగా దూర్చారో, ఎల్‌ఈడీలకు అక్కడితో ఆయుష్షు తీరినట్టే. వారంటీ కార్డులో ఆ సందర్భానికి ఒక వాక్యం ముందే అచ్చేసి ఉంటుంది.

సరే, అన్నీ గుచ్చారు. ఇప్పుడు ఇంట్లో నాలుగు సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. సంక్రాంతికి నలుగురు అల్లుళ్లు ఒకే బండిలో దిగినట్టు. పెద్దల్లుడు మదర్‌బోర్డు వారి సాఫ్ట్‌వేర్. బోర్డు నాది కాబట్టి ఇల్లే నాదంటాడు, పిలవకపోయినా బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే లేచే బోర్డు సొంత ప్రోగ్రాము) గుమ్మంలోంచి తానే వచ్చి కూర్చుని 'ఇన్‌స్టాల్ చేయనా?' అంటాడు. రెండో అల్లుడు గ్రాఫిక్స్ కార్డు. ఉన్నవాడు, తన ఫ్యాన్లు తనే తెచ్చుకున్నాడు, వాటిని ఎవరైనా తాకితే ముఖం మాడ్చుకుంటాడు. మూడో ఆయన ప్రాసెసర్‌ను నీళ్లతో చల్లబరిచే లిక్విడ్ కూలరు. నీళ్లు తప్ప ముట్టడు, యూఎస్‌బీ పీట వేస్తే తప్ప కూర్చోడు. కొత్తల్లుడు లైట్ల ఫ్యాన్ల హబ్బు. ఆయన అలిగితే ఇంట్లో ఇంద్రధనుస్సే. నలుగురికీ కావలసింది ఒకటే, ప్రాసెసర్ ఒంట్లో వేడి ఎంతుందో తెలియాలి. బోర్డు మీద ఆ లెక్క చూసే చిన్న చిప్పు ఒక్కటే ఉంటుంది, నువోటాన్ కంపెనీదో ఐటీఈ కంపెనీదో. పెద్దల్లుడు దాని చెయ్యి పట్టుకుని అడుగుతుండగానే మూడో అల్లుడు ఇంకో చెయ్యి లాగుతాడు. చిప్పుకు మతి చెడి నోటికొచ్చిన అంకె చెబుతుంది. ఆ అంకె విని కొత్తల్లుడు ఉలిక్కిపడి ఎర్రలైటు వేసి ఫ్యాన్లన్నీ ఫుల్ స్పీడు పెడతాడు. ఆ మోత విని పెద్దల్లుడికి అవమానం, తన అనుమతి లేకుండా ఎవరు పెంచారని తగ్గిస్తాడు. ఈయన పెంచడం, ఆయన తగ్గించడం. పెంచడం, తగ్గించడం. అర్ధరాత్రి ఇంట్లో విమానం లేవబోయి మనసు మార్చుకుంటున్నట్టు ఒకటే శబ్దం. ఒకరు ముట్టుకున్నప్పుడు ఇంకొకరు ఆగాలని, ఫలానా పేరు గల తాళం తీసుకున్నాకే చిప్పును పలకరించాలని టెంపరేచర్ చూపించే ప్రోగ్రాములు రాసేవాళ్లు ఎప్పుడో పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు పాపం. అల్లుళ్లు పెద్దమనుషుల మాట వింటారా?

ఇంతలో ఒక విశేషం. ఈ నలుగురూ తినేది మన ప్రాసెసర్నే. వేడెంతో చూడ్డానికి, లైట్లు మార్చడానికి, కొత్త ఫ్యాన్ల ప్రకటన తెచ్చి మూల నుంచి చూపించడానికి నాలుగూ వెనకాల నడుస్తూనే ఉంటాయి. నడిస్తే ప్రాసెసర్ వేడెక్కుతుంది. వేడెక్కితే ఫ్యాను తిరగాలి. ఫ్యాను తిరగాలంటే సాఫ్ట్‌వేర్ నడవాలి. ఉపాధి హామీ పథకాన్ని ఇంత చక్కగా అమలు చేసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

పోనీ సైలెంట్ మోడ్ పెట్టుకుందామా? అది రాసిన మహానుభావుడు ఎవరో గానీ, రెంటచింతలలో ఒక్క మే నెలైనా గడిపి ఉండడు. వేడి తక్కువుంటే ఫ్యాను పూర్తిగా ఆగిపోతుందని అట్టపెట్టె మీద గొప్పగా రాస్తారు. బయట 45 డిగ్రీలు. ఫ్యాను ఎంత ఏడ్చినా గదిలో ఉన్న గాలి కంటే చల్లగా చేయలేదు, అది ఏసీ కాదు. మన దగ్గర అది ఆగేది కరెంటు పోయినప్పుడే. దీనికి తోడు బోర్డు మీద ఏమీ తగిలించని ఖాళీ సెన్సర్లుంటాయి. విండోస్‌కు బదులు కొందరు వాడే లైనక్స్‌లో సెన్సర్స్ అని కొడితే, కొన్ని బోర్డుల్లో ఆక్స్‌టిన్ అనే ఒకటి నిలకడగా 127 డిగ్రీలు చూపిస్తుంది. నీళ్లు మరిగి, ఆవిరైపోయి, గిన్నె మాడే వేడి. అక్కడ ఏమీ లేదు. ఆ 'ఏమీ లేనిదాన్ని' చల్లబరచమని పొరపాటున ఫ్యానుకు చెప్పారంటే అది ప్రాణం పోయేదాకా తిరుగుతూనే ఉంటుంది.

ఈ అల్లుళ్ల గోల పడలేక జనం ఏం చేశారు? ఎవరో ఒక డెవలపర్ ఇంట్లో కూర్చుని రాసిన 'ఫ్యాన్ కంట్రోల్' అనే ఉచిత ప్రోగ్రాము పెట్టుకున్నారు. లాగిన్ లేదు, ప్రకటన లేదు. వేడి ఎంతుంటే స్పీడు ఎంతుండాలో ఒక గీత గీస్తే ఫ్యాను ఆ గీత ప్రకారం తిరుగుతుంది. విండోస్‌లో ఆ చిప్పు దాకా పోవాలంటే దాని గుండెకాయ లాంటి కెర్నెల్ తలుపు దాటాలి. దానికి అప్పట్లో విన్‌రింగ్0 అనే పాత డ్రైవరే, అంటే ఆ తలుపు తీసే చిన్న ప్రోగ్రామే, దిక్కు. దానికి భద్రతా లోపం ఉన్నమాట నిజం, 2020లోనే లోపాల జాబితాలో సీవీఈ-2020-14979 అని నంబరు కూడా పడింది. 2025 మార్చిలో విండోస్ కావలివాడు మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌కు ఒక్కసారిగా మెలకువొచ్చింది. ఆ డ్రైవర్ను హ్యాకింగ్ పనిముట్టు అని ముద్రవేసి క్వారంటైన్‌లో పడేసింది. పొద్దున లేచి చూస్తే చాలామంది కంప్యూటర్లలో ఫ్యాను గీతలు గల్లంతు.

లోపం ఉన్నదాన్ని ఆపడం తప్పని నేననను. నన్ను మండించేది వేరే. మన డబ్బుతో మనం కొన్న ఫ్యాను స్పీడు మార్చడానికి కంప్యూటర్ మొత్తం తాళంచెవులు అడగాల్సిన పరిస్థితి ఎవరు తెచ్చారు? ఆ చిప్పుకు విండోస్‌లో ఒక పద్ధతైన దారి ఇన్నేళ్లలో ఎందుకు వేయలేదు? కొత్త డ్రైవర్ రాసి సంతకం చేయించుకోవాలంటే సర్టిఫికెట్‌కు డబ్బు కట్టాలి, కంపెనీ పేరు మీద కాగితాలు చూపాలి. ఉచితంగా పంచేవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? లైట్ల మీద, అట్టపెట్టెల మీద కోట్లు తగలేసే కంపెనీలకు తమ హబ్బుకు ఏ ఆదేశం పంపితే ఏమవుతుందో ఒక్క పేజీ రాసి బయటపెట్టడానికి చేతులు రావు. రాయరు. ఈ కూలర్లను, హబ్బులను నడిపే లిక్విడ్‌సీటీఎల్ లాంటి ఉచిత ప్రోగ్రాములు రాసే కుర్రాళ్లు యూఎస్‌బీ వైరులో పోయే అంకెల్ని ఒక్కొక్కటే గమనించి, ఏ అంకె దేనికో ఊహించి, సొంత కూలరు కాలిపోయే ప్రమాదం నెత్తిన పెట్టుకుని కనిపెట్టాలి. కనిపెట్టాక కంపెనీ కొత్త మోడల్ తెచ్చి అంకెలు మారుస్తుంది. పాత మోడల్‌కు సాఫ్ట్‌వేర్ ఆపేస్తుంది. బేరింగు అరగని, రెక్క విరగని, నిక్షేపంలాంటి ఫ్యాను చెత్తబుట్టలోకి. ఇది సిగ్గులేనితనం. దీనికి ఎకోసిస్టమ్ అని పేరు పెట్టుకోవడం ఇంకా సిగ్గులేనితనం.

లైనక్స్ వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. మీ దగ్గరా అదే పేరుతో ఫ్యాన్‌కంట్రోల్ అనే వేరే ప్రోగ్రాము ఉంది, దాని ఫైల్లో ఆ చిప్పు పేరు హెచ్‌డబ్ల్యూమాన్2 అని రాసి ఉంటుంది. కొత్త ఎస్‌ఎస్‌డీ గుచ్చి రీస్టార్ట్ చేయండి, అదే చిప్పు హెచ్‌డబ్ల్యూమాన్3 అయి కూర్చుంటుంది. సర్వీసు 'కాన్ఫిగరేషన్ పాతబడింది, పీడబ్ల్యూఎంకాన్ఫిగ్ మళ్లీ నడపండి' అని ఒక ముక్క లాగ్‌లో రాసి కళ్లు మూసుకుంటుంది. కనీసం ఓటీపీ అడగదు, అంతవరకు మర్యాదే.

మొన్న సికింద్రాబాద్‌లో కంప్యూటర్ కొట్లుండే సీటీసీకి పోయి, ఇవేవీ లేని ఫ్యాను కావాలని అడిగాను. నాలుగు వైర్లు, బోర్డుకు గుచ్చితే తిరగాలి, బయాస్‌లో గీత గీసుకుంటాను, అంతే. కొట్టబ్బాయి నన్ను జాలిగా చూశాడు. వెనకాల గోడ నిండా రంగురంగుల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఒకదాని నడుమ బుల్లి టీవీ కూడా ఉంది.

"లైట్లు లేనియి ఎవలు అడుగుతలేరన్నా," అన్నాడు. "తెప్పిస్త గని, అడ్వాన్స్ కట్టుండ్రి."