ఓట్ బ్రాన్ పేరుతో తిరుగుతున్న ఆ మెసేజ్‌కి జవాబు

రెండు నెలలుగా విశాఖలో నాకు తెలిసిన ప్రతి వాట్సాప్ గ్రూపులో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్ల గ్రూపులో వచ్చింది, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి కంచరపాలెంలో ఉండే మా పిన్ని కూడా నాకు పంపింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ:

రోజూ పరగడుపున ఆరు పెద్ద చెంచాల ఓట్ బ్రాన్ గ్లాసు నీళ్లలో కలిపి తాగండి. పేగులకు ఏళ్ల తరబడి అంటుకుపోయిన మలం 21 రోజుల్లో కడిగేసినట్టు పోతుంది. కడుపు ఉబ్బినా నొప్పి వచ్చినా భయపడకండి, విషం బయటకు పోతోందని అర్థం. ఓట్స్, ఓట్ బ్రాన్, ఇసబ్గోల్ ఏది వాడినా ఒకటే. కొలెస్ట్రాల్, షుగర్ మాత్రలు మెల్లగా మానేయొచ్చు. ఇది తిండే కాబట్టి ఏ మందుకూ అడ్డు రాదు. మన అన్నం, పప్పుల్లో పీచే లేదు.

నేను పోషకాహారం చదువుకున్నాను. పదేళ్లుగా ఒక క్లినిక్‌లో ఏం తినాలో, ఎంత తినాలో జనానికి చెప్పడమే నా పని. ఓట్ బ్రాన్, అంటే ఓట్ గింజ తవుడు, తినమని నేనే చాలామందికి చెప్పాను. అందుకే ఈ మెసేజ్ చూస్తే నాకు అంత కోపం. దీన్ని నమ్మి ఇబ్బంది పడినవాళ్లు రేపు నేను చెప్పినా ఆ ప్యాకెట్ ముట్టుకోరు.

మా పిన్ని విషయమే చూడండి. మెసేజ్‌లో పొద్దున ఒక్కసారే అని ఉంది. తొందరగా గుణం కనిపిస్తుందని ఆమె రాత్రి కూడా మొదలుపెట్టింది. తొమ్మిదో రోజు ఫోన్ చేసింది. "ఏటే అమ్మడూ, కడుపు డోలులాగ అయిపోనాది. మూడు రోజులై దొడ్డికి అవ్వలేదు. విషం పోతున్నాదంటావా?" అంది. ఆ చివరి ప్రశ్న విన్నాక నాకు నిద్ర పట్టలేదు. నొప్పి పడుతూ కూడా మనిషి ఆగలేదంటే ఆ ఒక్క వాక్యం ఎంత పని చేసిందో చూడండి.

"పేగులకు అంటుకుపోయిన మలం"

అలాంటిదేమీ ఉండదు. పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తగా తయారవుతూనే ఉంటుంది. పాత కణాలు రాలిపోయి మలంలో కలిసి పోతాయి. ఏళ్ల తరబడి ఏదైనా అతుక్కుని ఉండటానికి అక్కడ చోటే లేదు. కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసే డాక్టర్లు రోజూ చూసేది నున్నగా, గులాబీ రంగులో ఉండే గోడనే. మలబద్ధకం ఉన్నవాళ్లలో మలం గట్టిపడి చివరి భాగంలో ఆగిపోవచ్చు. అది కొన్ని రోజుల మలం, గోడకు పట్టిన మకిలి కాదు. ఇంకొకటి, రోజూ అవ్వకపోతే రోగమేనని మనవాళ్లకు పెద్ద టెన్షన్. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల వరకు, కష్టపడకుండా అవుతుంటే అది మామూలే.

"ఉబ్బినా నొప్పి వచ్చినా భయపడకండి"

మొత్తం మెసేజ్‌లో ప్రమాదకరమైన మాట ఇదే. ఓట్ బ్రాన్ కడుపులో ఏం చేస్తుందో తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది.

అందులో రెండు రకాల పీచు ఉంది. ఒకటి నీళ్లలో కరిగి జిగురుగా మారేది, దాని పేరు బీటా గ్లూకాన్. రెండోది కరగనిది. ఈ రెండింటినీ మన చిన్నపేగు అరిగించుకోలేదు, అలాగే పెద్దపేగుకు చేరతాయి. అక్కడి బాక్టీరియాకు జిగురు పీచు మంచి మేత. అవి దాన్ని పులియబెట్టి కొన్ని కొవ్వు ఆమ్లాలు తయారు చేస్తాయి. అందులో బ్యూటిరేట్ అనేది పెద్దపేగు కణాలకు తిండి, ఇదంతా మనకు మేలే. అయితే పులిసేటప్పుడు గ్యాస్ కూడా పుడుతుంది. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి గిన్నెలో పొంగుతుంది చూశారా, అలాంటి పనే లోపల జరుగుతుంది. అలవాటు లేని కడుపులో ఒకేసారి ఎక్కువ పీచు పడితే గ్యాస్ పట్టేసి పొట్ట బిగుసుకుంటుంది. అందులో విషం లేదు, బయటకు పోతున్నదీ లేదు. మోతాదు మించిందని కడుపు చెబుతోంది, అంతే.

పిన్ని లెక్క వేశాను. పెద్ద చెంచా ఓట్ బ్రాన్ సుమారు 6 గ్రాములు. ఆరు చెంచాలు రెండు పూటలా అంటే 72 గ్రాములు, అంటే ఉన్నట్టుండి రోజుకు 11 గ్రాముల పీచు అదనం. పోనీ నీళ్లు తాగుతుందా అంటే అదీ లేదు. మోకాళ్ల నొప్పితో రాత్రి లేవలేక సాయంత్రం ఆరు దాటితే ఆ బ్రాన్ గ్లాసు తప్ప ఆమె నీళ్లు ముట్టదు. పైగా ఇది మన విశాఖ ఉక్క, కూర్చున్నా చెమట కారుతుంది. పీచు నీళ్లు పీల్చుకుంటేనే మలం మెత్తబడుతుంది. నీళ్లు లేకపోతే అదే పీచు గట్టి ముద్దై మలబద్ధకాన్ని పెంచుతుంది. అరుదుగా పేగుకు అడ్డం పడిన సందర్భాలూ ఉన్నాయి. వాంతులు, పొట్ట రాయిలా గట్టిపడటం, గాలి కూడా పోకపోవడం, ఇవి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పిన్నికి అంతదాకా రాలేదు. నాలుగు రోజులు బ్రాన్ పూర్తిగా ఆపించి, పగటిపూట నీళ్లు పెంచితే తేరుకుంది.

మొదలుపెట్టే పద్ధతి ఇది. నాలుగైదు రోజులు ఒక్క పెద్ద చెంచా. కడుపు తేలిగ్గా ఉంటే రెండు. అలా రెండు మూడు వారాల్లో ఐదారు చెంచాలకు చేరొచ్చు. నీళ్లలో కలిపి గుటుక్కున మింగడం కంటే జావలా ఉడికించుకోవడం, ఉప్మాలోనో దోసెల పిండిలోనో కలుపుకోవడం మేలు. రోజు మొత్తం మీద నీళ్లు, మజ్జిగ బాగా తాగాలి.

"ఓట్స్, ఓట్ బ్రాన్, ఇసబ్గోల్ ఏదైనా ఒకటే"

దీనికి పిన్ని వంటింట్లోనే జవాబు చూపించాను. మూడు స్టీలు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో చెంచాడు ఓట్ బ్రాన్, రెండోదాంట్లో గోధుమపిండి జల్లించగా మిగిలిన పొట్టు, మూడోదాంట్లో ఇసబ్గోల్ వేసి అరగ్లాసు చొప్పున నీళ్లు పోశాను. ఇసబ్గోల్ అయిదు నిమిషాల్లోనే జెల్లీలా బిగుసుకుంది. మొదటి రెండు గిన్నెలు పొయ్యి మీద మరిగించాను. ఓట్ బ్రాన్ గంజిలా చిక్కబడింది, చెంచా ఎత్తితే బెండకాయ తరిగిన కత్తిపీటకు సాగినట్టు సన్నటి తీగ సాగింది. గోధుమ పొట్టు అడుగున ఉబ్బి కూర్చుంది, దాని పైనున్న నీళ్లు పల్చగా నీళ్లలాగే ఉన్నాయి.

ఆ తీగే బీటా గ్లూకాన్. గోధుమ పొట్టులో దాదాపు అంతా కరగని పీచే. మలం పరిమాణం పెంచడంలో ఓట్ బ్రాన్ కంటే అదే ముందుంటుంది, కొలెస్ట్రాల్ మీద మాత్రం దాని ప్రభావం లేదు. ఇసబ్గోల్ జిగురు పెద్దగా పులియదు, చివరిదాకా నీళ్లు పట్టుకుని ఉంటుంది, అందుకే మలబద్ధకానికి డాక్టర్లు ఎక్కువగా అదే రాస్తారు. ఇక ఓట్స్, ఓట్ బ్రాన్ తేడా అంటారా, బియ్యానికీ తవుడుకూ ఉన్న చుట్టరికం లాంటిది. ఓట్ గింజ పై పొరలు ఎక్కువగా ఉండే భాగమే బ్రాన్. 100 గ్రాముల ఓట్స్‌లో 10 గ్రాముల పీచు ఉంటే బ్రాన్‌లో 15 గ్రాములు, ఆ పైన. మసాలా ఓట్స్ ప్యాకెట్ కొని బ్రాన్ తింటున్నామనుకునేవాళ్లు కూడా నా దగ్గరకు వచ్చారు. వాళ్లకు అందుతున్నది బ్రాన్ కాదు, మామూలు ఓట్స్, పైగా ఉప్పు.

"కొలెస్ట్రాల్, షుగర్ మాత్రలు మానేయొచ్చు"

ఈ మాటలో సగం నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. కొలెస్ట్రాల్ తగ్గుతుందని 1963లోనే నెదర్లాండ్స్‌లో చూశారు, ఓట్స్ కలిపిన రొట్టె తిన్న మగవాళ్లలో. 1980లలో అమెరికాలో ఓట్ బ్రాన్ పిచ్చి పట్టుకుంది, మఫిన్ల నుంచి చిప్స్ దాకా అన్నింట్లో కలిపారు. 1990 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. 20 మంది ఆరోగ్యవంతుల్లో ఓట్ బ్రాన్‌కూ పీచు తక్కువ ఉన్న గోధుమకూ పెద్ద తేడా లేదని చెప్పింది. అంతే, రాత్రికి రాత్రి ఓట్ బ్రాన్ దగా అన్నారు. నిజానికి ఆ 20 మందికి మొదటి నుంచీ కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంది, తగ్గడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ తర్వాత చాలా అధ్యయనాలు కలిపి చూశాక, 1997లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక మాట ఒప్పుకుంది: సంతృప్త కొవ్వులు (నెయ్యి, వెన్న లాంటివి), కొలెస్ట్రాల్ తక్కువ ఉన్న తిండితో పాటు రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ తీసుకుంటే గుండె జబ్బు ముప్పు తగ్గవచ్చు.

ఆ 3 గ్రాములకు రోజూ 40 నుంచి 55 గ్రాముల ఓట్ బ్రాన్ కావాలి. దానివల్ల చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) తగ్గేది 5 నుంచి 7 శాతం. ఎల్‌డీఎల్ 160 ఉన్న మనిషికి సుమారు 150కి వస్తుంది. కొలెస్ట్రాల్‌కు డాక్టర్లు రాసే స్టాటిన్ మాత్ర అదే అంకెను 30 నుంచి 50 శాతం తగ్గిస్తుంది. గుండె రక్తనాళంలో స్టెంట్ వేయించుకున్న మనిషి ఈ మెసేజ్ చదివి మాత్ర ఆపేస్తే ఏమవుతుందో తలుచుకుంటేనే నాకు భయం. షుగర్ సంగతీ అంతే. ఆ జిగురు అన్నం అరుగుదలను నెమ్మదింపజేసి, తిన్న తర్వాత షుగర్ పెరగడాన్ని కొంత తగ్గిస్తుంది. మాత్ర మోతాదు మార్చాలా వద్దా అన్నది రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్పాల్సిన మాట.

"ఏ మందుకూ అడ్డు రాదు"

పిన్నికి థైరాయిడ్ ఉంది. పొద్దున ఆరింటికి వేసుకోవాల్సిన మాత్రను ఈ బ్రాన్ గ్లాసుతోనే మింగేసేది, మళ్లీ నీళ్లు తాగే పని లేకుండా. థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టడాన్ని పీచు తగ్గిస్తుంది. ఉత్త నీళ్లతో మాత్ర వేసుకుని, ముప్పావు గంట, గంట ఆగాకే ఏదైనా తినాలి. బ్రాన్‌ను సాయంత్రం టిఫిన్‌కు మార్చుకుంటే ఇంకా నయం. బ్రాన్‌లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు ఐరన్‌ను పట్టేసుకుంటాయి కాబట్టి, రక్తహీనతకు మాత్రలు వాడే ఆడవాళ్లు రెండు గంటల ఎడం పెట్టుకోవాలి.

"మన తిండిలో పీచే లేదు"

పాలిష్ బియ్యం వరకే అయితే ఒప్పుకుంటాను, 100 గ్రాములకు 3 గ్రాముల లోపే. కానీ చోళ్లలో, అంటే రాగుల్లో, 11 గ్రాములు ఉంది. ఎంవీపీ కాలనీ రైతుబజారుకు వెళ్తే చోడిపిండి, ఉలవలు, బొబ్బర్లు, గోరుచిక్కుళ్లు, తోటకూర, జామకాయలు అన్నీ దొరుకుతాయి. పనసపొట్టు కూర వండుకునే ఊళ్లో పీచు లేదనడం అన్యాయం. 2000 కేలరీల తిండిలో 30 గ్రాముల పీచు ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం పప్పుతో పాటు ఒక ఆకుకూర, సాయంత్రం జామకాయ అలవాటు చేసుకుంటే అందులో చాలావరకు వచ్చేస్తుంది.

ఓట్స్ పరాయి ధాన్యమని తిట్టేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. చోళ్లలో ఓట్స్ బీటా గ్లూకాన్ లేదు, కాబట్టి కొలెస్ట్రాల్ విషయంలో ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. ఆ జిగురే బార్లీలో ఉంది. జ్వరం వస్తే మన అమ్మలు కాచి ఇచ్చిన బార్లీయే. నీళ్లు వంపేసుకుని గింజలు పారేయకుండా తింటే చాలు, ఓట్ బ్రాన్ కంటే చవక కూడా.

పేగు సన్నబడినవాళ్లు, ఈ మధ్యే పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఓట్ బ్రాన్ మొదలుపెట్టకూడదు. మలంలో రక్తం, నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, 45 దాటాక కొత్తగా మారిన మలవిసర్జన అలవాటు, వీటికి ఏ పీచూ జవాబు కాదు.

మా వాకింగ్ గ్రూపులో ఒక పెద్దాయన ఉన్నారు. రెండు నెలలుగా రక్తం పడుతుంటే మొలలు అనుకుని, మెసేజ్ చదివి బ్రాన్ తాగుతున్నారు. పిన్ని సంగతి నేను చెబుతుంటే పక్కకు పిలిచి, గొంతు తగ్గించి ఆ మాట చెప్పారు. "మాస్టారూ, ఈ రోజే చూపించుకోండి" అన్నాను. వాళ్లబ్బాయి సాయంత్రమే తీసుకెళ్లాడు. సోమవారం కొలనోస్కోపీ ఉంది, అప్పటిదాకా బ్రాన్ ఆపమన్నారట డాక్టరు.