తెల్లసొన అమ్మాయికి, పచ్చసొన పిల్లికి

తిరుపతిలో పరుగు నేర్చే పిల్లల వంటిళ్లలో దేవుడి క్యాలెండరును పక్కకు జరిపి ఒక కాగితం వెలిసింది. కోచ్ సార్ రాసిచ్చిన డైట్ చార్ట్ అంటారు. అన్నం నిషేధం, సంగటి నిషేధం, చెనక్కాయలు మహాపాపం. పొద్దున 40 గ్రాముల ఓట్స్, మూడు గుడ్ల తెల్లసొన, మధ్యాహ్నం కీరా ముక్కలు, సాయంత్రం డబ్బా ప్రొటీన్ పొడి రెండు స్కూపులు. డబ్బా ఎక్కడ దొరుకుతుందో అడుగున ఉంటుంది. పైనున్న శాస్త్రమంతా దానికి పీఠికే.

ఇక గుడ్ల ఘట్టం. అమ్మ గుడ్లు ఉడకేసి, ఒలిచి, దారంతో నిలువునా కోసి, పచ్చసొనలు చెంచాతో తోడి పక్కన పెడుతుంది. పారేయడానికి మనసొప్పదు. గడపలో పిల్లికి ఆ సంగతి తెలుసు. ఇనుము, విటమిన్ ఎ, డి, గుడ్డుకున్న ఆరు గ్రాముల ప్రొటీన్‌లో రెండున్నర పైచిలుకు, అన్నీ దానికే. మూడు నెలల్లో దాని బొచ్చు నిగనిగలాడుతోంది, ప్రహరీ మీంచి ఒక్క గెంతుకు పక్కింటి మిద్దెక్కుతోంది. అమ్మాయేమో అలిపిరి మెట్లు 3,550 ఉంటే గాలిగోపురం దగ్గరే కూలబడుతోంది. రాష్ట్ర పోటీలకు ఇద్దరిలో ఎవరిని పంపాలో సెలెక్టర్లే తేల్చాలి.

50 కిలోల పిల్ల రోజూ గంటన్నర పరుగెత్తాలంటే కిలోకు ఆరు గ్రాముల లెక్కన 300 గ్రాముల పిండిపదార్థం పడాలి. చార్ట్ మొత్తం గీకినా వంద రాదు. కండరంలో గ్లైకోజెన్, అంటే పిండిపదార్థం నుంచి దాచుకున్న ఇంధనం, నిండకపోతే 800 మీటర్ల రెండో రౌండు మలుపులో కాళ్లు ఇటుకలవుతాయి. సార్‌గారి వైద్యం: ‘‘ఇంకో స్కూపు వెయ్యమ్మా.’’ వంద గ్రాముల రాగిపిండిలో 70 గ్రాముల దరిదాపు పిండిపదార్థమే సార్! ప్రొటీన్ కిలోకు 1.6 గ్రాముల చొప్పున 80 కావాలా? మూడు నిండు గుడ్లలో 18, అర లీటరు పాలలో 16, యాభై గ్రాముల చెనగ్గింజల్లో 12, అన్నే ఉలవల్లో 11. మిగతాది అన్నం, సంగటే చూసుకుంటాయి. డబ్బా అక్కర్లేదు, కమీషన్ కూడా రాదు. అదీ బాధ.

ఆ పిల్లకు మూడు నెలలుగా నెలసరి లేదు. దానికి సార్ జవాబు: ‘‘మంచిదేలేమ్మా, ఇప్పుడే అసలైన అథ్లెట్‌వయినావు.’’ సిగ్గుండాలయ్యా! తిండి చాలక ఒళ్లు ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ హార్మోన్ తయారీ తగ్గించేసింది, ఎముక గుల్లవుతోంది. రేపు మోకాలి కింద ఎముక చీలుతుంది, మొదట్లో ఎక్స్‌రేకు చిక్కదు కూడా. ‘నటిస్తోంది’ అని ఇంకో రెండు రౌండ్లు పరుగెత్తించేదీ వీళ్లే. ఆ పొడిలో నిషిద్ధ మందు కలిసి పట్టుబడితే నాలుగేళ్ల దాకా వేటు పడేది పిల్ల మీద. డబ్బా అమ్మినవాడు మర్నాడు పొద్దున్నే షట్టరు ఎత్తుతాడు.

చార్ట్‌లో కొత్త సవరణ వచ్చిందట: తెల్లసొనలు ఇకమీదట ఆరు. పిల్లి తమ్ముణ్ణి కూడా పిలుచుకొచ్చింది.