ఏడంగుళాల ఏడుపు

ఐదు వేల లోపు దొరికే ట్యాబ్‌ని ఎవరూ తమ కోసమని కొనరు. తాతగారు పేపరు చదువుకుంటారని, పిల్లాడు పాఠాలు వింటాడని కొంటారు. వారం తిరిగేసరికి అది తాతగారి చేతిలోనూ ఉండదు, పిల్లాడి చేతిలోనూ ఉండదు. ప్లగ్గుకి వేలాడుతూ ఉంటుంది.

లెక్క తేలికే. బ్యాటరీ 3000 ఎంఏహెచ్, అంటే 3 ఆంపియర్-గంటలు, పెట్టెలో వచ్చిన ఛార్జరు 1 ఆంపియరు. దారిలో వృథా అయ్యేది కూడా కలుపుకుంటే నిండటానికి నాలుగు గంటలు పడుతుంది. ప్లగ్గు ఖాళీ లేదని పాత లాప్‌టాప్ యూఎస్‌బీ 2.0 పోర్టుకి గుచ్చితే వచ్చేది అర ఆంపియరే. అదే సమయంలో సినిమా కూడా నడుస్తుంటే, ఛార్జింగులో ఉండగానే శాతం తగ్గుతుంది. "ఒరేయ్, కరెంటు వెనక్కి పోతోందిరా!" అని తాతగారు కంగారు పడతారు. చెత్త ఛార్జరు పెడితే ఇంకో వినోదం. అందులోంచి వచ్చే విద్యుత్ రొద తెర స్పర్శని తికమక పెడుతుంది. ఎవరూ ముట్టుకోకుండానే యాప్‌లు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. బామ్మ నిమ్మకాయ కోసం లేస్తుంది. ప్లగ్గు పీకితే ఆ దయ్యం దిగిపోతుంది.

మొదటి సాయంత్రం వైఫై కలపగానే, ఫ్యాక్టరీలో వేసిన యాప్‌లన్నీ ఒకేసారి అప్‌డేట్‌కి ఎగబడతాయి. ఉన్నది 2 జీబీ ర్యామ్, పైగా నెమ్మది మెమరీ చిప్పు. నొక్కిన నాలుగైదు సెకన్లకి గాని కదలిక ఉండదు. ఇంట్లో అంత ఓపిక ఎవరికీ లేదు కాబట్టి అదే బొమ్మని ఏడుసార్లు పొడుస్తారు. కాసేపటికి ఆ పోట్లన్నీ వరుసగా పనిచేసి, తాతగారి పంచాంగం కాస్తా కెమెరా అయి కూర్చుంటుంది. ఆ రాత్రికి ఛార్జింగులో పెట్టి, ఎవరి చేతికీ చిక్కకుండా దాచేస్తే పొద్దుటికి సగం జబ్బు నయమవుతుంది. కానీ కొన్న రోజే దాచేసే ఇల్లు ఎక్కడుంది?

ఇక తెర. 1024×600 చుక్కలు, చాలావాటిలో టీఎన్ అనే చవక రకం ప్యానెల్. నేరుగా చూసేవాడికి హీరో మామూలుగా ఉంటాడు, పక్కనున్న వాళ్లకి వెలిసిపోయి ఉంటాడు, కింద కూర్చున్న వాళ్లకి ఫొటో నెగెటివ్‌లా కనిపిస్తాడు. పైగా ఇలాంటి ట్యాబ్‌లలో ఎక్కువ వాటికి, సినిమాలు కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ అనే ఏర్పాటులో అట్టడుగు మెట్టైన ఎల్3 అనుమతే ఉంటుంది. ఓటీటీకి ఎంత ఖరీదైన ప్యాకేజీ కట్టినా బొమ్మ స్పష్టత 480 గీతలు దాటి రాదు.

అయినా 2011 అక్టోబరులో కేంద్రం విద్యార్థుల కోసం విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్‌తో పోలిస్తే ఇది రాజభోగమే. దానికి 256 ఎంబీ ర్యామ్, గోటితో గట్టిగా నొక్కితే గాని పలకని రెసిస్టివ్ తెర. కూర్చింది మన హైదరాబాద్‌లోనే.

అసలు కొంప ముంచేది మెమరీ కార్డు. పెట్టె మీద 16 జీబీ అని ఉన్నా, దాదాపు సగం సిస్టమే మింగేసి ఉంటుంది. అందుకని కార్డు తెచ్చి వేస్తారు. ట్యాబ్ అడుగుతుంది: పోర్టబుల్ స్టోరేజా, ఇంటర్నల్ స్టోరేజా? ఇంటర్నల్ అంటే ఎక్కువ మర్యాదగా వినిపిస్తుంది కదా, దాన్నే నొక్కుతారు. ఆండ్రాయిడ్ 6 నుంచీ ఉన్న ఈ ఏర్పాటులో కార్డు ముందు ఫార్మాట్ అవుతుంది, అంటే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, ఆపైన రాసేదంతా తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ అవుతుంది. తాళంచెవి ఆ ట్యాబ్‌లోనే ఉంటుంది. ఇక ఆ కార్డు వేరే చోట చదవబడదు.

ఇది తెలియక, పెళ్లి ఫొటోలన్నీ అందులో వేసి, అత్తయ్యకి చూపిద్దామని కార్డు పీకి ఆవిడ ఫోన్‌లో పెడతారు. "ఈ కార్డు పనిచేయదు, ఫార్మాట్ చేయమంటారా?" అంటుంది ఫోను. అక్కడ వద్దు అంటే ఇంకా ఏమీ పోలేదు. కార్డు వెనక్కి తెచ్చి ట్యాబ్‌లో పెట్టి, ఫొటోలు కేబులుతో కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాత సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌లోకి వెళ్లి కార్డుని పోర్టబుల్‌గా, అంటే వేరే చోట కూడా చదవబడేలా, ఫార్మాట్ చేసుకుంటే సరిపోతుంది. ఈ వరుస తిరగబడకూడదు.

కానీ సరిగ్గా ఆ సమయానికే పక్కింటి కుర్రాడు వస్తాడు.

"ట్యాబ్ స్లో అయిపోయింది తాతగారూ, అందుకే కార్డు తిక్కతిక్కగా ఉంది. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేస్తే సరి."

"ఫొటోలు పోవు కదా బాబూ?"

"అవి కార్డులో ఉన్నాయి కదండీ, భయం లేదు."

ఫొటోలు నిజంగానే కార్డులో ఉన్నాయి. రీసెట్‌తో పోయింది తాళంచెవి. ట్యాబ్ మాత్రం ఏమీ ఎరగనట్టు, స్వాగతం చెప్పి భాష ఎంచుకోమంటుంది.