తమరి ప్రవర చెప్పండి మాస్టారూ

పెళ్లిలో పురోహితుడు ప్రవర చదివేటప్పుడు గమనించారా? ఫలానా వారి నప్త్రే, ఫలానా వారి పౌత్రాయ, ఫలానా వారి పుత్రాయ అని మూడు తరాలు గుక్క తిప్పుకోకుండా చదివేస్తాడు. ఆ పుత్రుడికి ఉద్యోగం ఉందా, పొద్దున్నే లేస్తాడా లాంటి చిల్లర ప్రశ్నలకు అక్కడ తావు లేదు. ఇంత చక్కటి పద్ధతి లోకంలో మనకొక్కరికే ఉందనుకుని ఇన్నాళ్లూ పొంగిపోయాను. మా మేనల్లుణ్ణి కరాటేలో చేర్చాక తెలిసింది, జపాన్‌కు దక్షిణపు కొసన ఉన్న ఒకినావా దీవుల కరాటే వాళ్లకూ ఉందని. వాళ్లది ఇంకా గట్టిది.

క్లాసు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే, నీళ్ల మోటారుకూ స్కూటీలకూ మధ్య. గోడకు పన్నెండడుగుల ఫ్లెక్సీ. పైన వెలిసిపోయిన ఫొటోలో ఒకినావా పాతకాలపు కరాటే గురువు హిగావొన్నా కాన్ర్యో. ఆయన కింద బట్టతల, బలిసిన భుజాలతో ఆయన శిష్యుడు మియాగి చోజున్. ఆ కింద రంగుల ఫొటోలో ఇప్పటి ఒకినావా పెద్దాయన ఒకరు, ఆయన పక్కనే నమస్కారం చేస్తున్నట్టు కాస్త వంగి మా మాస్టారు. ఫొటోలో ఇద్దరే. కానీ పెద్దాయన కుడి భుజం మీద ఎవరిదో మూడో చెయ్యి ఉంది, మణికట్టుకు ఎర్ర దారంతో. మనిషి లేడు, చెయ్యే ఉంది.

"ఎవరిదండీ ఆ చెయ్యి?" అన్నాను.

మాస్టారు ఆ ప్రశ్న విననట్టుగా నల్ల స్ట్రాప్ వాచీ చూసుకుంటూ పిల్లల చేత గుంజీలు లెక్కపెట్టించి, ప్రవర అందుకున్నారు. "హిగావొన్నా గారి శిష్యుడు మియాగి గారు. మియాగి గారి శిష్యుడి శిష్యుడు మా పెద్ద గురువుగారు. వారి దగ్గర నేను."

"వారి దగ్గర ఎన్నాళ్లు చేశారండీ?"

"రెండున్నర రోజుల సెమినార్ అండీ. మూడో రోజు మధ్యాహ్నం సర్టిఫికెట్లు, లంచ్."

వెంటనే ఫీజు కట్టేశాను. అంత స్పష్టమైన వంశవృక్షం మా ఇంట్లోనే లేదు. అయితే ఆ ఊపులో నాలుగు పుస్తకాలు తిరగేశాక బాధ మొదలైంది. మన మాస్టార్లందరూ ఇంత పద్ధతిగా ఉంటే, ఫ్లెక్సీ పైభాగంలో ఉన్న పెద్దలు మాత్రం చాలా నిర్లక్ష్యంగా బతికారు. ఈ మాట ఎవరో ఒకరు అనాలి కాబట్టి నేనే అంటున్నాను.

మొదటి ముద్దాయి హిగావొన్నా గారే. 1853లో ఒకినావాలోని నాహా పట్టణంలో, కట్టెల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టారు. పడవెక్కి చైనాలోని ఫుజౌ వెళ్లి నేర్చుకొచ్చారు. బాగుంది. ఎన్నేళ్లు నేర్చుకున్నారయ్యా అంటే ఒకరు మూడంటారు, ఒకరు పదిహేనంటారు. గురువెవరంటే "ర్యూ ర్యూ కో" అంటారు. అది అసలు పేరా, ముద్దుపేరా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఆయన వెదురు సామాను చేసి బతికేవాడని ఒక కథ. కాదు, ఫలానా కొంగ శైలి మూలపురుషుడే ఆయన అని ఇంకో వాదం. ఈ వాదమే నిజమైతే గురువు శిష్యుడి కంటే ఒక్క ఏడాదే పెద్ద. పైగా నాహాలోనే నకైమా అనే ఇంట్లో పెద్దాయన తానూ ర్యూ ర్యూ కో దగ్గరే నేర్చుకున్నానని ముందే చెప్పి ఉన్నాడు. ఆయన పుట్టింది 1819లో! ఒక స్టాంపు పేపరు, ఒక గ్రూప్ ఫొటో ఉంటే ఇంత గొడవ ఉండేదా?

మియాగి గారిది ఇంకో రకం అజాగ్రత్త. స్కూలుకు పేరు పెట్టాలన్న ధ్యాస కూడా ఆయనకు లేదు. 1930లో టోక్యోలో జరిగిన ప్రదర్శనకు శిష్యుడు షిన్జాతో జిన్‌ఆన్‌ను పంపారు. అక్కడెవరో "మీది ఏ సంప్రదాయం?" అని అడిగితే పాపం ఆ కుర్రాడు బిత్తరపోయాడు. ఇంటిపేరు అడిగితే తెలియని పెళ్లికొడుకు పరిస్థితి! ఇంటికొచ్చి మొర పెట్టుకుంటే, గురువుగారు పాత చైనా పుస్తకంలో గట్టిదనం, మెత్తదనం అన్న మాటలు చూసి "గోజు" అని పెట్టారు. అంటే ముందు తన్నడం, తర్వాత పేరు. మన దగ్గర ముందు పేరు, లోగో, టీషర్టు, ఆ తర్వాత తీరిక దొరికితే తన్నడం. ఏది క్రమశిక్షణో మీరే చెప్పండి.

అంతటితో ఆగారా? బతికున్నంత కాలం ఎవరికీ డాన్ (బ్లాక్ బెల్టు స్థాయి) ఇవ్వలేదు. 1953లో వారసుడెవరో చెప్పకుండానే కన్ను మూశారు. ఇక శిష్యులు తలా ఒక డోజో (కరాటే శిక్షణశాల) పెట్టుకున్నారు, తలా ఒక వరుసలో అసలు వారసత్వం తమదేనన్నారు. ఒకరి దగ్గర గురువుగారు వాడిన సరంజామా ఉంది. ఇంకొకరికి ఆయన కుటుంబం ఆయన బెల్టు ఇచ్చింది. మన ఊళ్లలో తాతగారి ఉయ్యాల బల్ల ఎవరి వాటాకు వస్తే వారిదే అసలు ఇల్లు, అలా.

ఒకినావా వారే అయిన ఇంకో కరాటే పెద్ద, మొతోబు చోకి గారి గురించి పరువు గల మనిషిగా రాయడానికి సంకోచిస్తున్నాను. రాచకుటుంబం. ఆ ఇంటి విద్య పెద్దకొడుకుకే దక్కుతుంది. ఈయన మూడోవాడు. బుద్ధిమంతుడైతే ఊరుకోవాలి కదా? ఊళ్లో ఉన్న పెద్దలందరి గడపా తొక్కి ఒక్కొక్కరి దగ్గరా కొంత కొంత నేర్చుకున్నాడు. నేర్చుకున్నది పనిచేస్తుందో లేదో చూడటానికి నాహాలోని త్సుజి వీధికి వెళ్లేవాడు. ఆ వీధి ఎలాంటిదో పిల్లలు చదివే చోట చెప్పకూడదు. యాభై దాటిన వయసులో క్యోటోలో ఒక విదేశీ బాక్సర్‌ను ఒక్క దెబ్బకు పడగొట్టాడు. 1925లో పెద్ద పత్రిక ఆ కథ వేసింది. బొమ్మలో మాత్రం మొతోబు ముఖానికి బదులు ఇంకో కరాటే గురువు ఫునాకోషి గిచిన్ గారి ముఖం గీసింది! కొట్టినవాడు ఒకడు, ఫ్లెక్సీ ఎక్కింది ఇంకొకడు. మా మాస్టారికి ఈ సంగతి చెప్తే మొదటిసారి ఆసక్తిగా విన్నారు.

ఫునాకోషి గారు నిజానికి నెమ్మదస్తులు. రాత్రిపూట తన గురువు అజాతో గారి పెరట్లో, దీపం వెలుగులో, ఒకే కతాను (వరుసగా కూర్చిన కదలికలను) నెలల తరబడి చేసేవారట. గురువుగారు కూర్చుని "మళ్లీ చెయ్యి", "ఇంకొంచెం" అనేవారు. బాగుందన్న మాట ఎప్పుడో గానీ వచ్చేది కాదు. ఈ బోధనలో బెల్టు ఎక్కడుంది, పరీక్ష ఫీజు ఎక్కడుంది, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు ఎక్కడుంది? ఆ లోటు తెలిసే కాబోలు, తర్వాత టోక్యో వెళ్లి జూడో వాళ్ల దగ్గర డాన్ పద్ధతి అరువు తెచ్చుకుని, 1924లో ఏడుగురికి మొదటి డాన్‌లు ఇచ్చారు. ఏడుగురు! మా సెల్లార్‌లో ఒక్క ఆదివారం ఇరవై ఇద్దరికి పసుపు బెల్టులు వచ్చాయి. మావాడికి కూడా. ఆ రోజు వాడికి జ్వరం, క్లాసుకే వెళ్లలేదు.

వీళ్లందరిలో కాస్త మర్యాదస్తుడు మబుని కెన్వా ఒక్కరే. ఇతోసు అనే గురువు, హిగావొన్నా ఇద్దరి దగ్గరా నేర్చుకుని, వారి ఇంటిపేర్లు రాసే మొదటి అక్షరాలు కలిపి, వాటిని ఇంకో రకంగా షి, తో అని చదివి, తన శైలికి షితో-ర్యూ అని పేరు పెట్టారు. ప్రవర స్కూలు పేరులోనే ఉంది. ఒకినావా వారే ఇంకొకరు, ఉయెచి కాన్‌బున్ గారైతే మరీ అన్యాయం. సైన్యంలోకి లాగుతారని 1897లో ఫుజౌ పోయి, పదమూడేళ్లు నేర్చుకుని, 1910లో తిరిగొచ్చి పదేళ్లకు పైగా నోరు విప్పలేదు. చివరికి జపాన్ ప్రధాన దీవిలో కాటన్ మిల్లులో పనిచేస్తుంటే సొంత ప్రాంతం వాళ్లు నేర్పమని బతిమాలి ఒప్పించాల్సి వచ్చింది. ఒకినావాకు ఏడాది పోస్టింగ్ మీద వచ్చిన అమెరికన్ మెరైన్లు ఇంటికెళ్లి స్కూళ్లు తెరిచిన చురుకుదనంలో పదో వంతు ఈయనకు ఉంటేనా!

1936 అక్టోబరు 25న ఈ పెద్దలు కొందరు నాహాలో కూర్చుని "చైనా చెయ్యి" అని రాసే కరాటేని "ఖాళీ చెయ్యి" అని రాయాలని ఒప్పుకున్నారు. ఆయుధం లేని చెయ్యి అని దానర్థమట. వీళ్ల చరిత్ర చదివాక నాకైతే చేతిలో ఒక్క కాగితమైనా లేదని తోస్తోంది.

ఈ బాధంతా మాస్టారికి చెప్పుకున్నాను. ఆయన నవ్వి, "హిగావొన్నా పైన ఎవరో తెలుసా అండీ? బోధిధర్ముడు. కంచి నుంచి వెళ్లాడు. అంటే మనవాడే" అన్నారు. బోధిధర్ముడు చైనా వాళ్లకు వ్యాయామం నేర్పాడన్న కథకు ఆధారమైన పుస్తకం ఆయన పోయిన వెయ్యేళ్ల తర్వాతది కదండీ అందామనుకున్నాను. కానీ ఫ్లెక్సీ పైన ఇంకో ఫొటోకి ఖాళీ ఉంది, ఆయన దాన్నే చూస్తున్నారు. మనసొప్పలేదు.

నిన్న కూరగాయల మార్కెట్ సందులో ఇంకో కరాటే స్కూలు కనిపించింది. కొత్త ఫ్లెక్సీ, కొత్త సంఘం. అవే రెండు పాత ఫొటోలు, కింద అదే ఒకినావా పెద్దాయన. ఈసారి ఆయన కుడి పక్కన, చేతికి ఎర్ర దారంతో, ఒక లావుపాటి మాస్టారు నవ్వుతున్నారు. ఎడమ పక్క ఎవరూ లేరు. కానీ పెద్దాయన ఎడమ భుజం దగ్గర, నమస్కారం పెడుతున్నట్టుగా రెండు చేతుల కొసలు, వాటి వెనక నల్ల స్ట్రాప్ వాచీ కనిపించాయి.