విముక్తి పొందిన ఫోన్

మా మేనల్లుడు తన ఫోన్‌కు విముక్తి ప్రసాదించాడు. ఆండ్రాయిడ్ పీకేసి లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. ఆండ్రాయిడ్ లోపల గుండెకాయలా ఉన్నదీ లినక్స్ కర్నెలే కదరా అంటే, 'అది వేరే మామా' అన్నాడు. వేరేనట. వినయంగా ఒప్పుకున్నాను.

దీనికి ముందు బూట్‌లోడర్, అంటే ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్, దాని తాళం తీయించాలి. అదంటే కల్యాణకట్టలో కూర్చోవడమే. ఫొటోలు, మెసేజీలు, సమస్తం సమర్పయామి. కాకపోతే జుట్టు మళ్లీ వస్తుంది.

మొన్న లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగాం. డబ్బులు తానే ఇస్తానని పట్టుబట్టాడు. క్యూఆర్ కోడ్ ముందు ఫోన్ పెట్టాడు. కెమెరా తెరుచుకోలేదు.

'డ్రైవర్ ఇంకా రాలేదు మామా.'

టీ కొట్టాయన జాలిపడ్డాడు. 'ఎంతదాకా వచ్చినాడంట సామీ? కూర్చోండి, తొందరేముంది!' కెమెరాను నడిపే ప్రోగ్రామ్‌నూ డ్రైవర్ అంటారని ఆయనకేం తెలుసు!

నంబర్ కొట్టి పంపుతానన్నాడు మావాడు. అందుకు లినక్స్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపే వేడ్రాయిడ్ తెరిచాడు. అంటే మెడపట్టి గెంటిన ఆండ్రాయిడ్‌నే మళ్లీ లోపలికి పిలిచి కూర్చోబెట్టాడన్నమాట. బ్యాంకు యాప్ ఒక్క క్షణం కనబడి, 'ఈ ఫోన్ సురక్షితం కాదు' అని మూసుకుంది. అంతే, టెర్మినల్ తెరిచాడు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు పరుగెడుతుంటే జనం మూగారు. 'సర్వదర్శనం టోకెన్లు ఇందులో తెలుస్తాయా నాయనా?' అని ఒక పెద్దాయన అడిగాడు. ఇంతలో మా అక్క ఫోన్ చేసింది. రింగు బ్రహ్మాండంగా మోగింది. గొంతు మాత్రం రాలేదు. 'మోడెమ్ రీస్టార్ట్ చేయాలి' అన్నాడు నింపాదిగా.

డబ్బులు నేనిచ్చాను. నోట్లు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదైనా పనిచేస్తాయి.

నవ్వి వదిలేద్దును. కానీ వాడు ఆ పని ఎందుకు చేశాడో తెలిశాక నవ్వు రావడం లేదు. తెర బాగుంది, బ్యాటరీ బాగుంది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది, అంతే. తాను చూడదు, డ్రైవర్ల సోర్స్ కోడ్ బయటపెట్టి ఇంకొకరిని చూడనివ్వదు. పాత ఫోన్లకు లినక్స్ తయారుచేసే, 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్ఓఎస్ వాళ్లు ఫోన్‌కు 10 ఏళ్ల ఆయుష్షు పోయాలని ఖాళీ వేళల్లో తంటాలు పడుతున్నారు. కోట్లు గడించినవాళ్లకు ఆ మాత్రం సిగ్గు లేదా? డబ్బు మాది, తాళంచెవి మీదా? ఇక ఆ బ్యాంకు యాప్! ఏళ్ల తరబడి సెక్యూరిటీ ప్యాచ్ ముఖం చూడని ఫోన్‌లో నిక్షేపంగా పనిచేస్తుంది. నిన్ననే ప్యాచ్‌లు ఎక్కిన ఫోన్‌ను పట్టుకుని దొంగ అంటుంది. ఎవరి భద్రతయ్యా ఇది?

యూపీఐ కోసం మావాడు ఇంకో ఆండ్రాయిడ్ ఫోన్ కొన్నాడు. అమ్మింది ఆ కంపెనీయే.